ఏప్రిల్‌లో నక్షత్రం

ఏప్రిల్ ఎండలో గాబ్రియేలు నిచ్చెన వేసుకుని చర్చి మీద క్రిస్మస్ నక్షత్రం కడుతున్నాడు. ఆయన మా సంఘ పెద్ద. కోసిగి దగ్గరి ఆ పల్లెకు నేను పాస్టరుగా వచ్చి అప్పటికి మూడు రోజులు.

"ఏమి చేస్తాండావు గాబ్రియేలన్నా?"

"ఎల్లుండి క్రిస్మస్ గదా, అయ్యగారూ."

బిషప్పుగారికి ఉత్తరం రాస్తానని బెదిరించాను. నార్మల్ సంఘం ఎక్కడైనా డిసెంబరులోనే క్రిస్మస్ చేసుకుంటుందన్నాను.

ఆయన నిచ్చెన దిగలేదు. "నార్మల్ సంఘానికి డిసెంబరులో జనముంటారు అయ్యగారూ. మావోళ్లంతా సుగ్గికని, వలస కూలికని గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపను పోయుంటారు. ఇండ్లకొచ్చేది ఇప్పుడే. ఖాళీ చాపలకు చెప్తారా వాక్యం?"

ఆ ఎల్లుండి మూడు వందల మంది కొత్త బట్టలు కట్టుకుని వచ్చారు. చెమటలు తుడుచుకుంటూ, చలిలో మంద కాసిన గొర్రెల కాపరుల గురించి ప్రసంగం చేశాను. బిషప్పుగారికి ఉత్తరం మాత్రం రాయలేదు.

మొన్న డిసెంబరు ఇరవై ఐదు పొద్దున కర్నూలు నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"హ్యాపీ క్రిస్మస్, నాయనా."

"దానికింకా నాలుగు నెలలుండాయి గదమ్మా," అన్నాను.



"ఆ ఊరి నీళ్లు నీకు పడినట్టు లేదు నాయనా," అంది అమ్మ.