అడ్డుకర్ర

కిటికీ పైన బోర్డు మీద ‘సాయంత్రం ఐదు వరకు’ అని రాసి ఉంది.

షట్టర్‌కు మాత్రం చదువు రాదు. నాలుగు దాటితే చాలు, దానికి కిందికి దిగాలనిపిస్తుంది.

ఆ సంగతి తెలిసిన టైలరమ్మ పొద్దున్నే వచ్చి వరుసలో నిలబడింది. భర్తకు మర్నాడే గుండె ఆపరేషన్. ఈ సంక్షేమ కార్యాలయం వాళ్ళు మంజూరు కాగితం మీద ముద్ర వేస్తే తప్ప మంచం కూడా ఇవ్వం అన్నారు ఆసుపత్రివాళ్ళు. ఇన్నాళ్ళూ వచ్చిన ప్రతిసారీ “రేపు రా” అనే చెప్పి పంపారు. ఇప్పుడు రేపు అన్న మాట వింటేనే ఆమెకు ఒళ్ళు మండుతోంది.

ఆ మంటలో ఉండగా ఒక ముసలామె కంటపడింది.

ఆమె చేతిలో పాతగుడ్డ చుట్టిన కర్రలాంటిదేదో ఉంది. వరుసలో నిలబడదు. ఒకరి కాగితాలు సరిచేస్తుంది, ఇంకొకరికి కిటికీలో ఏం చెప్పాలో నేర్పుతుంది. అటూ ఇటూ తిరిగినా చూపు మాత్రం షట్టర్ మీదే.

“నీ పనేంటి అవ్వా ఇక్కడ?” అని అడిగింది టైలరమ్మ.

“నా పని ఎప్పుడో అయిపోయింది తల్లీ.”

పని అయిపోయినవాళ్ళు మళ్ళీ ఈ గడప తొక్కుతారా? బ్రోకరే, సందేహం లేదు అనుకుంది టైలరమ్మ.

“అయిపోతే ఇంటికి పో. మా బతుకుల మీద కమీషన్ తినకపోతే నీకు ముద్ద దిగదా?”

వరుసలో వాళ్ళు ఉలిక్కిపడ్డారు. ముసలామె మాత్రం నవ్వింది.

“ఆ కోపం నామీద ఖర్చుపెట్టకమ్మా. కాసేపట్లో అవసరమొస్తుంది, దాచుకో.”

టైలరమ్మ కిటికీ ముందుకు చేరిందో లేదో షట్టర్ గరగరమంది.

“సార్! ఒక్క నిమిషం సార్! రేపే ఆపరేషన్!”

“సిస్టమ్ పనిచేయట్లేదు. రేపు రా.”

షట్టర్ సగంలో టక్కున ఆగింది. ముసలామె గుడ్డ చుట్టిన కర్రను దాని కింద నిటారుగా నిలబెట్టింది.

“మళ్ళీ మొదలెట్టావా అవ్వా! తియ్, తియ్!” గుమాస్తా అరిచాడు.

“గడియారం ఐదు కొట్టనీ నాయనా. నేనే తీస్తాను.”

“సిస్టమ్ పనిచేయట్లేదని చెప్పానా?”

“అది పనిచేయకపోతే నువ్వు పనిచెయ్యి.”

“పెద్దసార్ లేరు!”

“మరి లోపల దగ్గుతున్నదెవరు?”

వరుసంతా గొల్లున నవ్వింది. లోపల దగ్గు చప్పున ఆగిపోయింది.

“ప్రభుత్వ పనికి అడ్డుపడుతున్నావని పోలీసులను పిలుస్తా!”

“పిలువు. అడ్డుపడుతున్నదెవరో వాళ్ళే తేలుస్తారు.”

గుమాస్తా చెయ్యి చాచి కర్రను లాగబోయాడు. అప్పుడు టైలరమ్మకు దాచుకున్న కోపం గుర్తొచ్చింది. రెండు చేతులతో కర్రను పట్టుకుంది.

“ముద్ర పడేదాకా ఇది కదలదు. నేనూ కదలను.”

“మేమూ కదలం” అన్నారు వెనకున్నవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు కిటికీ చుట్టూ చేరారు.

దగ్గిన సార్ బయటికి రాక తప్పలేదు. ముద్ర పడింది.

టైలరమ్మ కాగితం గుండెలకు హత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. “తర్వాత ఎవరమ్మా? రండి రండి” అంటున్న అవ్వ గొంతు వెనక నుంచి వినిపించింది. ఆమెకు ఒక్క మంచిమాటైనా చెప్పి రాలేదన్న సంగతి, భర్తను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళాక గానీ తట్టలేదు.

భర్త కోలుకుని లేచి తిరగడం మొదలుపెట్టాక టైలరమ్మ మిషన్ ముందు కూర్చుంది. కర్రకు చుట్టిన గుడ్డ చిరుగులు పట్టి ఉందని ఆమె చేతులకు గుర్తుంది. మంచి గళ్ళ బట్ట తీసి, గొడుగుకు కుట్టినట్టు సన్నగా, పొడుగ్గా సంచి కుట్టింది. క్షమించమని అడగడానికి వట్టి చేతులతో వెళ్ళడం ఆమెకు చేతకాదు.

కిటికీ దగ్గర అవ్వ లేదు. ఆమె కర్ర పట్టుకుని ఒక యువతి నిలబడి ఉంది. యువతి చంకలో తనదైన మరో కర్ర ఉంది. ఒక కాలు సన్నగా ఉంది.

“అవ్వ రాలేదామ్మా?”

“మా అమ్మ పోయిందండీ, పోయిన నెలలో.”

తాను అన్న మాటలు తన చెవుల్లోనే మోగి, టైలరమ్మకు సిగ్గుతో తల వాలిపోయింది. సంచి తీసి యువతి చేతిలో పెట్టింది.

“ఈ కర్ర కోసమని కుట్టాను. తెలియక ఆమెను నానా మాటలూ అన్నాను.”

“ఏమీ అనుకుని ఉండదు లెండి. అమ్మకు కోపం ఉన్నవాళ్ళంటేనే ఇష్టం.”

యువతి పాతగుడ్డ విప్పి, కర్రను కొత్త సంచిలో దూర్చబోయింది. పైభాగం పట్టలేదు. అక్కడ మెత్త కట్టిన అడ్డపట్టీ ఉంది. చిన్నపిల్లలు చంక కింద పెట్టుకుని నడిచే కర్ర అది. అడుగున రబ్బరు బిళ్ళ కొత్తగా ఉంది, ఒక్కసారైనా నేల తగిలిన గుర్తు లేదు.

ఇదేమిటని అడిగేలోపే షట్టర్ గరగరమంది.

టైలరమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. ఆ చిన్న కర్రను అందుకుని షట్టర్ కింద నిలబెట్టింది.

“ఒక అవ్వ పోతే ఇంకో అవ్వ తయారైందా!” గుమాస్తా మండిపడ్డాడు. “ఎవరిదీ కర్ర? ఇక్కడికి ఎవరు తెచ్చారు?”

యువతి కిటికీకి ఎదురుగా వచ్చి నిలబడింది.

“నాదే సార్, మీ ఆఫీసే ఇచ్చింది. మా అమ్మ ఈ కిటికీలో అడిగినప్పుడు నాకు ఐదేళ్ళు, మీరు పంపినప్పుడు నా పెళ్ళయి వారం.”