విమాన భక్తుడు

“ఇయ్యాల గిన మొక్కినవంటే నేనిగ కాలేజీకి పోను బాపూ!”

భాగ్యలక్ష్మి పరుగెత్తుకొచ్చి తండ్రి మోపెడ్‌కు అడ్డంగా నిలబడింది. శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీ పక్క మట్టిరోడ్డు మీద, ఖాళీ పాలక్యాన్లతో అప్పుడే ఆగాడు కుర్మయ్య. రోజూ పాలు పోసి ఇంటికి వెళ్తూ అక్కడ ఆగడం, విమానం పైకి లేస్తుంటే దండం పెట్టడం ఆయనకు అలవాటు. పోయిన వారం ఎవడో పుణ్యాత్ముడు దాన్ని వీడియో తీసి, ‘విమాన భక్తుడు’ అని పేరు పెట్టి ఇన్‌స్టాలో వదిలాడు. లక్షల మంది చూసి పడీపడీ నవ్వారు.

“ఏమైంది బిడ్డా?”

“ఏమైందా? ఇను.” ఫోన్ తీసి చదివింది. “‘పాపం, వీసా రాలేదేమో.’ ‘కొబ్బరికాయ కూడా కొట్టు తాతా.’ గిది మా క్లాసు పిల్ల పెట్టింది... ‘భాగ్యా, మీ బాపు ప్రసాదం పెడ్తడా?’ అంట.”

పిల్లకు వారం నుంచి తిండి లేదు, కంటికి కునుకు లేదు. ఏడిపించే ఆ మాటలనే వెతుక్కుని మరీ మళ్లీ మళ్లీ చదువుతోంది.

“ఎవరో నవ్వితే నువ్వు బువ్వ మానేస్తవా?”

“నువ్వు మొక్కుడు మానెయ్ బాపూ. ఒక్కగానొక్క బిడ్డను. నాకోసం గీ ఒక్కటి మానెయ్.”

కుర్మయ్య ఏదో అనబోయాడు. అంతలో గోడ అవతల మోత మొదలైంది. ఆయన గబగబా చెప్పులు విడిచి చేతులు జోడించాడు. భాగ్య ఆ చేతులు లాగేయబోయి, ఎందుకో తలెత్తింది.

అక్కడే పుట్టి పెరిగిందన్న మాటే గాని, ఇంత దగ్గరగా ఎన్నడు చూసింది గనక! కాళ్ల కింద నేల అదిరింది. అంతటి ఇనుప కొండ, కడుపునిండా మనుషులను పెట్టుకుని, నెత్తి మీదుగా అలవోకగా ఆకాశంలోకి వెళ్లిపోయింది. ఒళ్లు జలదరించింది. చేతిలో ఫోన్ టింగుమంటున్నా భాగ్యకు వినపడలేదు. అది మబ్బుల్లో కలిసేదాకా నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

“బాపూ,” అంది. గొంతులో కోపం లేదు. “నిజంగనే దేవుడనుకుంటున్నవా? ఏం మొక్కుతవ్?”

“జర మెల్లగ పొమ్మని.”

“ఎందుకు?”

కుర్మయ్య గోడ వైపు చూశాడు.

“రన్‌వే వడ్డది మన చేను మీదనే బిడ్డా. మీ అమ్మ తట్టుకోదని నీకెన్నడు చెప్పలే. నీకన్న ముందు పుట్టి సచ్చిపోయిన మీ అక్కను గా చేన్లనే బొందవెట్టినం. మూడు నెలల పిల్ల... సప్పుడైతే ఉలిక్కిపడ్తది.”