రెండు సెకన్లకో మాట

“ఐదు మాటలు గుర్తుంటే గది నాది. నాలుగైతే ఇదిగో, ఇది నీ చేతికి.”

పెద్దాయన తన గది తాళంచెవిని టేబుల్ మీద టక్కుమని పెట్టాడు. పరీక్ష చెయ్యాల్సిన అమ్మాయి దాని వంక చూసింది కానీ ముట్టుకోలేదు.

“డైరెక్టర్ గారు మీ గది మీద అలా పందెం వేసినట్టు మాట్లాడకుండా ఉండాల్సింది సార్. ఒక్క నెల ఆగి చూద్దామా?”

“ఆగితే ఏమవుతుంది, చిన్నవాణ్ణయిపోతానా? కానివ్వు రైలూ.”

గడగడా మాట్లాడుతుందని ఆయన ఆమెకి పెట్టిన పేరది. ఈ స్టడీ మొదలుపెట్టింది ఆయనే. ముప్పై ఏళ్లుగా అదే రెండు వేల మందిని మూడేళ్లకోసారి పిలిచి, వయసు వాళ్లకేం చేస్తోందో రాసుకుంటున్నారు. ఆ రెండు వేలలో మొదటి నంబరు కూడా ఆయనదే. ఇవాళ ఆయన వంతు.

తలుపు పక్కన కుర్చీలో కూర్చున్న భార్య నవ్వడానికి ప్రయత్నించింది. “పేపరు తయారుచేసిందే మీరు. ఇంకా భయమెందుకండీ?”

“ప్రతి విడతకీ మాటలు మారతాయే. ఆ రూలు పెట్టిన మహానుభావుణ్ణీ నేనే, ఎవర్ని తిట్టుకోను?”

అమ్మాయి షీటు తీసి, గొంతు సవరించుకుని పది మాటలు చదివింది. రెండు సెకన్లకో మాట. ముఖంలో ఏమీ లేకుండా, గొంతు పెరగకుండా, తగ్గకుండా. ఎనిమిదేళ్ల కిందట ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒకే జాబితాని వారం రోజులపాటు చదివించి చదివించి నేర్పిన చదువది. “అందించడం తప్పు. జాలిపడటం అంతకంటే పెద్ద తప్పు,” అని రోజుకోసారి చెప్పేవాడు.

“పది నిమిషాల తర్వాత అడుగుతాను సార్. ఈలోపు మిగతావి చేద్దాం.”

పిడికిలి బలం చూసింది. బాగానే ఉంది. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చున్నాడు. అదీ బాగానే ఉంది. తర్వాత నడక. వరండాలో నేల మీద పసుపు రంగు టేపు అంటించి ఉంది.

“ఆ చివరి గీత దాకా నడవండి సార్. రోజూ నడిచినట్టే.”

ఆయన వీపు తిప్పగానే భార్య గబుక్కున వచ్చి అమ్మాయి మోచెయ్యి పట్టుకుంది.

“పొద్దున రెండుసార్లు స్నానం చేశారమ్మా. నిన్న నన్నే, ‘ఎవరి కోసం వచ్చారండీ, కూర్చోండి’ అన్నారు. కుర్చీ కూడా వేశారు.”

అమ్మాయి స్టాప్‌వాచ్ వైపే చూస్తోంది.

“ఆ గదిలోకి వస్తేనే ఆయన ఆయనలా ఉంటారు. అది కూడా పోతే నేనెవరితో ఉండాలి? మొదటి అక్షరం అందించు తల్లీ. నీకు పుణ్యముంటుంది.”

“ఆంటీ, అది...”

“ఏంటి గుసగుసలు?” ఆయన గీత దగ్గర నుంచే అరిచాడు. “వాచీ ఆపావా లేదా? నేను వచ్చేశాను ఇక్కడ!”

ఆపలేదు. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆమె వాచీ ఆపడం మర్చిపోయింది.

మళ్లీ లోపలికి వచ్చి కూర్చున్నారు. అమ్మాయి షీటుని టేబుల్ మీద పరిచింది. తన వైపుకి కాదు, ఆయన వైపుకి. పెద్ద అక్షరాలు. కళ్లజోడు లేకపోయినా కనబడతాయి. పెన్ను కోసమన్నట్టు సంచీలోకి తల వంచి, వెతుకుతూ ఉండిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

కాగితం చప్పుడు. తలెత్తి చూస్తే, ఆయన షీటుని బోర్లా తిప్పి, పైన అరచెయ్యి పెట్టాడు.

“ఇదా నేను నేర్పింది?”

“పొరపాటున సార్...”

“పొరపాటుకి చెవులు ఎర్రబడతాయా? ఎంత మంది ఏడుస్తూ ఈ కుర్చీలోంచి లేచి వెళ్లారు! ఒక్కరికి చూపించామా? నాకు మాత్రం ఎందుకు?” బోర్లా ఉన్న షీటుని అలాగే ఆమె వైపుకి తోశాడు. “అడుగు. అడగాల్సినట్టు అడుగు.”

“ఇందాక నేను చదివిన మాటల్లో... మీకు గుర్తున్నవి చెప్పండి.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నిచ్చెన,” అన్నాడు. “సబ్బు. పిల్లి.”

భార్య ఒళ్లో వేళ్లు మడుస్తోంది.

“ఉత్తరం. గొడుగు.”

ఐదు. తాళంచెవి ఆయనదే. కానీ ఆయన ఆగలేదు. ముఖం విప్పారింది. తడబాటు లేదు, తొందర లేదు, సరిగ్గా రెండు సెకన్లకో మాట.

“రాయి. మేఘం. చెల్లెలు. దీపం. కుర్చీ.”

కళ్లు తెరిచాడు. భార్య చేతుల్లో మడవడానికి ఇంకో వేలు మిగల్లేదు.

“పదికి పదా? ఏమండీ! పదికి పదే!” ఆవిడ వచ్చి అమ్మాయి ముందే ఆయన తల గుండెకి ఆనించుకుంది.

“వదులు, వదులు, ఆఫీసిది,” అన్నాడు నవ్వుతూ. అప్పుడు చూశాడు, అమ్మాయి చెంపల మీద నీళ్లు.

“ఏయ్ రైలూ! ముఖంలో ఏమీ కనబడకూడదని ఎన్నిసార్లు చెప్పాను? సంతోషమైనా సరే, కనబడకూడదు.”

“సారీ సార్.”

ఆయన తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. భార్య భుజం పట్టుకుని, పెద్ద పరీక్ష పాసైన పిల్లాడిలా బయటికి నడిచాడు. వరండా చివర తాళం తిరిగిన చప్పుడు, తలుపు తెరుచుకున్న చప్పుడు, ఆయన ఏదో అంటే ఆవిడ పకపకా నవ్వడం, అన్నీ ఇక్కడికి వినబడ్డాయి.

అమ్మాయి పెన్ను మూత తీసి షీటుని వెల్లకిలా తిప్పింది.

ఆయన చెప్పినవి, ఎనిమిదేళ్ల కిందట ఆమెకి చదవడం నేర్పిన ఆ పాత జాబితాలోని పది మాటలు. వాటిలో ఒక్కటి కూడా ఇవాళ ఆమె చదివిన పదిలో లేదు.