ఫొటోకి వేసిన దండ

బందరు చూడ్డానికొచ్చిన హరిచందన, తనకిష్టమైన సీరియల్ తీసిన మేడ వెతుక్కుంటూ వచ్చేసరికి చీకటి పడింది. తలుపు తీసిన ఆ ఇంటి కోడలు, "చూసుకోండమ్మా. ఇంట్లో నేనొక్కదాన్నే, పొయ్యి మీద పాలున్నాయి," అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

హాల్లో మాత్రం ఓ పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఉంది. వెనక గోడకి ఆవిడదే ఫొటో. దానికి దండ.

"సీరియల్లో చచ్చిపోయిన అత్తగారి ఫొటో కావాలంటే నాది ఇచ్చానమ్మా. షూటింగువాళ్లు దండ తీయడం మరిచిపోయి వెళ్లారు. అప్పట్నుంచీ మా కోడలు నాతో మాట్లాడట్లేదు. కాస్త తీసిపెట్టవూ?"

హరిచందన నవ్వుకుంటూ మునివేళ్ల మీద లేచి అందుకుంది. ప్లాస్టిక్‌ పూలే అనుకుంది. చేతికి తడి తగిలింది. మల్లెల వాసన.

"ఎక్కడ పెట్టనండీ?"

"నీ దగ్గరే ఉండనీ తల్లీ."

పాలగ్లాసుతో కోడలు వచ్చింది. "అత్తయ్యా, ఒక్కరే కూర్చుని ఎవరితో మాట్లాడుతున్నారు?"

"నాతోనేనండీ," అంది హరిచందన.

కోడలు గ్లాసు అత్తగారి చేతికిచ్చి, హరిచందన పక్కనుంచే నడిచి వెళ్లింది.

"ఆ అమ్మాయి చెప్పకుండానే వెళ్లిపోయిందే," అంటూ వీధి తలుపు గడియ పెట్టింది.