మామ ముక్కు

"మామయ్యా, ఈ డ్రమ్ముక్కూడా ముక్కు పెట్టండి. కోసేస్తా," అన్నాడు అల్లుడు గుమ్మం దగ్గర గ్యాస్ కట్టర్ అందుకుంటూ.

పాత పెట్రోలు డ్రమ్ములో ఆవిరి మిగిలి ఉంటే మంట తగలగానే పేలుతుంది. అందుకే కోసే ముందు మామ వాసన చూడాలి. ఆయన "కానీ" అంటేనే ఆ షెడ్డులో మంట వెలిగేది.

మామ అన్నం గిన్నె పక్కన పెట్టి లేచాడు. డ్రమ్ము మూతిలోకి వంగి గట్టిగా పీల్చాడు. "కడిగిన ముత్యంలా ఉంది. కానీ."

అల్లుడు లైటర్ తీశాడు. అంతలో కూతురు పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, ఆ కూర తినకు! పొరపాటున పాచిపోయింది పెట్టాను. కంపు కొడుతోంది."

గిన్నె అప్పటికే ఖాళీ.

"వేళ్లు నాక్కుంటూ తిన్నారే!" అని నవ్వబోయిన అల్లుడు ఆగిపోయాడు. "జ్వరంతో పోయిన వాసన తిరిగొచ్చిందన్నారు కదా మామయ్యా?"

మామ నేల చూశాడు. "రాలేదు. రుచీ లేదు. ముక్కు పోయిందంటే ఇక్కడ నాకేం పనుంది అల్లుడూ?"

"మరి పొద్దున కోసిన డ్రమ్ములు?"



అల్లుడు లైటర్ భార్య చేతికిచ్చి బయటికి పంపాడు. తనే వెళ్లి డ్రమ్ము మీద వంగాడు. పెట్రోలు ఘాటుకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏమైనా ఉందా?" అని మెల్లగా అడిగాడు మామ.