రంగు మార్చినవా బిడ్డా?

మిర్యాలగూడ బస్టాండులో ఆ ముసలాయన మళ్లీ కనిపించేసరికి నవ్య చేతిలో టీ ఒలికింది.

ఆయన దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండా, ఎప్పటి మాటే అడిగాడు.

"రంగు మార్చినవా బిడ్డా?"

నవ్య గబగబా కోదాడ బస్సెక్కేసింది. వెనక్కి చూస్తే, భుజాన ఎర్ర తువ్వాలతో ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. నేరేడుచర్ల దాటేదాకా ఆమె కిటికీలోంచి వెనక్కి చూస్తూనే ఉంది.

నవ్యది కోదాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. కరెంటు లైన్‌మన్ల కోసం ఒక యాప్ తయారుచేసింది.

ఇదివరకు లైన్‌మన్ స్తంభమెక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసేవాడు. అక్కడి ఆపరేటర్ కరెంటు బంద్ చేసి, ఎక్కమని నోటితో చెబితేనే ఎక్కేవాడు. యాప్ వచ్చాక ఆ ఫోన్లుండవు. యాప్‌లో బటన్ నొక్కాలి, ఆపరేటర్ బంద్ చేశాడో లేదో రంగు చూసి తెలుసుకోవాలి. లైన్లో కరెంటుంటే పచ్చ, లేకుంటే ఎరుపు.

అక్షరాల సైజు మీద ఆఫీసులో రెండు వారాలు కొట్టుకున్నారు. రంగు గురించి ఎవరూ నోరెత్తలేదు.

నోరెత్తింది ఈ ముసలాయన ఒక్కడే. పాలకీడు వైపు ఒక సబ్‌స్టేషన్‌లో శిక్షణ జరుగుతుంటే, ఎవరూ పిలవకుండానే వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. పేరు సైదయ్యట.

"గీడ ప్యానెల్ మీద ఎర్ర దీపముంటే కరెంటున్నట్టు. పచ్చదుంటే బందైనట్టు. నువ్వు ఉల్టా పెట్టినవ్ బిడ్డా."

కింద 'లైన్ ఆన్' అని రాసే ఉంది కదండీ, అంది నవ్య.

"స్తంభమెక్కేటోడు అక్షరాలు సదవడు. రంగు సూస్తడు."

అందరూ నవ్వారు. లైన్‌మన్ నాగేందర్ నవ్య వైపు వంగి, పెద్దమనిషికి మతి సరిగ్గా లేదనీ, పట్టించుకోవద్దనీ చెప్పాడు. మతి ఎందుకు చెడిందో ఆమె అడగలేదు.

అయినా ఆ మాట మేనేజర్ చెవిన వేసింది. ఆయనది తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పచ్చంటే నడుస్తున్నట్టని చంటిపిల్లలకు కూడా తెలుసన్నాడు.

అప్పటినుంచి మొదలైంది. రోజూ ఫోన్. నంబరు బ్లాక్ చేస్తే ఆఫీసు గేటు దగ్గర. అక్కణ్నుంచి గెంటిస్తే ఇదిగో, బస్టాండులో. హాస్టల్ గదిలో ఒంటరిగా ఉండే పిల్ల. పేపర్లో చదివిన వార్తలన్నీ గుర్తొచ్చి, తలుపు గడియ రెండుసార్లు చూసుకునేది.

మర్నాడు పోలీసులకు కాగితం రాసిచ్చింది. మతి చెడిన ముసలాయన వెంటపడుతున్నాడని.

యాప్‌ను మొదటిసారి లైన్ మీద వాడే రోజు వచ్చింది. ఎండ అప్పుడే మండుతోంది. పక్క పొలంలో వరికోత మిషన్ రొద. వదులైన తీగ బిగించడానికి నాగేందర్ సిద్ధమవుతున్నాడు.

నవ్య చూపు రోడ్డు వెంట పోయి ఆగింది. మూడు స్తంభాల అవతల సైదయ్య. స్తంభం మొదట్లో కూర్చుని, ఏదో గట్టిగా కడుతున్నాడు.

ఆమె వెంటనే పోలీసులకు ఫోన్ చేసింది.

పావుగంటలో జీపు వచ్చింది. ఆయన పెనుగులాడలేదు. జీపెక్కుతూ ఒక్కసారి ఆ స్తంభం వైపు చూశాడంతే. ఆయన భుజం మీద తువ్వాల లేదని నవ్య గమనించింది. ఎందుకో ఆలోచించలేదు. హమ్మయ్య అనుకుంది.

నాగేందర్ బటన్ నొక్కి ఫోన్ చూశాడు.

"పచ్చగుంది మేడం" అని, ఫోన్ ఆమె చేతికిచ్చి ఎక్కడం మొదలుపెట్టాడు.

నవ్య చెమట తుడుచుకుని తీరిగ్గా ఫోన్ చూసింది. పచ్చ. దాని కింద తను రాసిన అక్షరాలే. 'లైన్ ఆన్'.

తలెత్తి చూస్తే, నాగేందర్ సగం స్తంభం ఎక్కేశాడు.

ఆమె అరిచింది. కోత మిషన్ రొదలో ఆ అరుపు ఆమెకే వినపడలేదు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఆపరేటర్ హీరాలాల్ నింపాదిగా, ఇంకా బంద్ చేయలేదనీ, బటన్ సంగతి ఇప్పుడే చూస్తున్నాననీ చెప్పాడు.

అప్పటికే నాగేందర్ చెయ్యి తీగ మీదికి పోతోంది. నవ్య కళ్లు మూసుకుంది.

ఏమీ కాలేదు.

కళ్లు తెరిస్తే, అతను తీగను బిగిస్తూనే ఉన్నాడు.

కిందికి దిగాక, విషయం విని నాగేందర్ మొహం పాలిపోయింది. కరెంటున్న తీగను పట్టుకుని ఎలా బతికాడో ఇద్దరికీ అర్థం కాలేదు. సైదయ్య ఏదో కట్టడం నవ్యకు గుర్తొచ్చి, ఇద్దరూ ఆ స్తంభం దాకా నడిచారు.

అక్కడ, ముందుకుపోయే కరెంటును తెంపే స్విచ్ పిడి కిందికి లాగి ఉంది. ఎవరూ మళ్లీ పైకి ఎత్తకుండా ఎర్ర తువ్వాలతో ముళ్ల మీద ముళ్లు వేసి కట్టి ఉంది.

నవ్య ఆ ముడి మీద చెయ్యి వేసింది. విప్పలేకపోయింది.

"ఎవరాయన?" అంది. మొదటి రోజు అడగాల్సిన మాట.

నాగేందర్ తలెత్తలేదు.

"పన్నెండేండ్ల కింద గీ సబ్‌స్టేషన్‌కు కొత్త ప్యానెల్ వచ్చింది మేడం. దీపాలు ఉల్టా బిగిచ్చి పోయిన్రు. గప్పుడు పచ్చ దీపం సూసి, 'బందైంది, ఎక్కు బిడ్డా' అని ఫోన్ల సొంత కొడుక్కు చెప్పిన ఆపరేటర్ ఆయనే."