రికార్డర్ అక్కర్లేదు

“రికార్డర్ అక్కర్లేదన్నయ్యగారూ, కెమెరాలు చాలు,” అంది టైలరమ్మ.

కెమెరాల షాపాయన తెల్లబోయాడు. ఆ పేటలో ఆయన్ని అందరూ డేగకన్ను అంటారు. ఏ ఇంటి ముందు నిలబడినా, దొంగ ఎటునుంచి దూకుతాడో చిటికెలో చెప్పేస్తాడని పేరు. గీచి గీచి బేరమాడేవాళ్ళని చూశాడు, ఏ కంపెనీది కొనాలో తేల్చుకోలేక షాపులోనే పోట్లాడుకున్న మొగుడూ పెళ్ళాలని చూశాడు. రికార్డర్ వద్దన్న మనిషిని మాత్రం ఇదే చూడటం.

తెలియక అంటోంది కాబోలనుకుని మొదటినుంచీ ఎత్తుకున్నాడు. డీవీఆర్ అనేది పాత రకం, లావుపాటి తీగలతో నడుస్తుంది, కానీ మొండిఘటం, ఓ పట్టాన పాడవదు. ఎన్‌వీఆర్ కొత్త రకం, నెట్ వైరుతో నడుస్తుంది, దొంగ మొహం మీద పుట్టుమచ్చ కూడా తెలుస్తుంది. ఏది తీసుకున్నా జరిగింది జరిగినట్టు డిస్కులో దాచిపెడుతుంది. అది లేకపోతే కెమెరాలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఆవిడ ఓపిగ్గా వింది. విని, మళ్ళీ అదే మాట అంది. ఏదైనా కదలగానే గట్టిగా మోగాలి. తన ఫోన్‌లోనూ, భర్త ఫోన్‌లోనూ మోగాలి. అంతకుమించి ఏమీ వద్దు.

“కర్టెన్ కదిలినా, పిల్లి నడిచినా మోగుతుందమ్మా. మీకు కంటిమీద కునుకుండదు.”

“ఇప్పుడు మాత్రం ఉందా అండీ,” అంది టైలరమ్మ.

పక్కనే ఆవిడ భర్త నిలబడి ఉన్నాడు. బస్సు డిపోలో మెకానిక్కు. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. మీరైనా చెప్పండి సార్ అని డేగకన్ను ఆయన వైపు తిరిగాడు.

“మా ఇంట్లో ముందే ఒకటుందండీ, పెద్ద డిస్కుది,” అన్నాడాయన నేలచూపులు చూస్తూ. “పోయినసారి అంతా బాగానే రికార్డయింది.”

“మరి దొరికాడా?”

మెకానిక్కు ఫోన్ తీసి టైము చూసుకున్నాడు. దొరకలేదన్నమాట అనుకున్నాడు డేగకన్ను. నిజానికి ఆయన అమ్మే సరుకు కెమెరాలు కాదు, భయం. అయినా వీళ్ళని ఇంకా భయపెట్టడానికి ఆయనకే మనసొప్పలేదు. ఇల్లు చూశాకే మాట్లాడుకుందాం అన్నాడు.

ఇల్లు చూడగానే ఆయన తల పట్టుకున్నాడు. గేటు గొళ్ళెం సరిగా పడదు. పెరటి గోడ నడుమెత్తు కూడా లేదు. దొంగని రా రమ్మని పిలుస్తున్నట్టుంది కొంప. ఆవిడ మాత్రం వాటివైపు కన్నెత్తి చూడలేదు. కెమెరాలు ఎక్కడ పెట్టాలో తనే చూపించింది. ఒకటి చిన్న గది తలుపుకి ఎదురుగా. ఒకటి వంటింట్లో. ఒకటి మేడ మెట్ల మొదట్లో. ఇంకొకటి వీధి తలుపు పైన, అదీ లోపలివైపుకి.

ఇలా పెడితే వచ్చేవాడి వీపు తప్ప మొహం కనపడదమ్మా అని మొత్తుకున్నాడు. పరవాలేదండీ అంది. చాదస్తం అని లోపల్లోపలే విసుక్కున్నాడు.

అయినా ఆయన కళ్ళు ఊరుకోవు కదా. గదుల తలుపులకి లోపలి గడియలు ఊడదీసి ఉన్నాయి. రంగులు వేయిస్తున్నారేమో. కుట్టుమిషను చిన్న గది గుమ్మానికి అడ్డంగా ఉంది. వెలుతురు అక్కడే బాగుంటుంది కాబోలు. కత్తెరకి తాడు కట్టి ఆవిడ మెళ్ళో వేసుకుంది. ఎక్కడ పెట్టిన వస్తువు అక్కడ మర్చిపోయే రకం అనుకుని నవ్వుకున్నాడు.

ఆ గదిలో వాళ్ళమ్మాయి కిటికీ పక్కన కూర్చుని ఉంది. కాలేజీ వయసు. ఒళ్ళో పుస్తకం ఉంది గానీ పేజీ తిరగడం లేదు. మంచం మీద అమ్మమ్మ కునికిపాట్లు పడుతోంది. మధ్యమధ్యలో ఉలిక్కిపడి లేచి, మనవరాలిని చూసుకుని, మళ్ళీ కునుకుతోంది.

“ఇక మీ ఇంట్లోకి చీమ కూడా దూరదు తల్లీ, నిశ్చింతగా ఉండు,” అన్నాడు డేగకన్ను.

ఆ పిల్ల నవ్వింది. మర్యాద కోసం నవ్విన నవ్వు, పెదాల దగ్గరే ఆగిపోయింది.

ఆయనకి ఎందుకో దిగులేసింది. దొంగలు పడ్డ ఇళ్ళు బోలెడు చూశాడు. అక్కడ ఏడుపులుంటాయి, శాపనార్థాలుంటాయి, పనిమనిషి మీద అనుమానాలుంటాయి. ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అనడం లేదు. పోయింది ఎలాగూ రాదు, ఉన్నదీ నిలవదు అని ముందే ఒప్పేసుకున్న మనుషుల్లా ఉన్నారు. మెకానిక్కుని కదిలిస్తే, ఏదో ఒకటి పెట్టండి, ఎంతకాలమని కాపలా కాస్తాం అన్నాడు. టైలరమ్మ ఆయన వైపు ఒక్క చూపు చూసింది. ఆయన పెరట్లోకి వెళ్ళిపోయి గోడ పట్టుకుని నిలబడ్డాడు.

డేగకన్ను ఉండబట్టలేకపోయాడు. సరుకు అంటగట్టడానికి కాదు, నిజంగా వాళ్ళ మేలు కోరి ఆవిణ్ణి వసారాలోకి పిలిచాడు.

“చెల్లెమ్మా, నా మాట విను. రేపు ఏదైనా జరగరానిది జరిగితే, రికార్డర్ లేకుండా ఎలా జరిగిందో మీకేం తెలుస్తుంది?”

టైలరమ్మ చిన్న గది వైపు చూసింది. పిల్లకి వినపడకుండా, గొంతు బాగా తగ్గించింది.

“మా పెద్దమ్మాయి ఒక్కతే మేడ మెట్లెక్కడం, మళ్ళీ దిగి రాకపోవడం తెల్లారాక రికార్డింగులో చూసుకున్నామన్నయ్యగారూ, ఈసారి చిన్నది మంచం దిగగానే మాకు మెలకువ రావాలి.”